కొలతకు దొరకని నడుము

ఎల్బీనగర్ దాటి విజయవాడ రోడ్డున వెళ్తుంటే బాటసింగారం వస్తుంది. ఇప్పుడక్కడ లాజిస్టిక్స్ పార్కు, గోదాములు, లారీలు. మానవ వనరుల నిర్వహణ పాఠం చెప్పే నేను అటు వెళ్లినప్పుడల్లా, మనిషి పనిని కొలిచిన చరిత్ర గురించి ఆలోచిస్తాను.

పుస్తకాలు ఆ చరిత్రను టేలర్‌తో, అతని స్టాప్‌వాచ్‌తో మొదలుపెడతాయి. పనివాళ్ల అలసటను పట్టించుకున్న లిలియన్ గిల్‌బ్రెత్‌కు రెండు వాక్యాలు దక్కుతాయి. 1914లో ఆమె రాసిన నిర్వహణ మనస్తత్వ శాస్త్ర గ్రంథం, రచయిత స్త్రీ అని తెలియకుండా పొడి అక్షరాలతో అచ్చయింది.

2006లో ఉపాధి హామీ పథకం మా రంగారెడ్డి జిల్లాకూ వచ్చింది. మట్టి పనుల్లో కూలి, తవ్విన గుంత కొలతను బట్టి. గడ్డపార ఎక్కువగా మగవాళ్లది, తట్ట ఆడవాళ్లది. గుంత లోతు టేపుకు అందుతుంది. వందసార్లు వంగి లేచిన నడుము అందదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పని-కాల అధ్యయనాలు జరిపి రేట్లు సవరించారు. పనివాళ్లను పరుగెత్తించడానికి పుట్టిన గడియారమే ఇక్కడ కూలీల పక్షాన సాక్ష్యం చెప్పింది.

2019 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే, చేసే పురుషులు 97 నిమిషాలు. ఆ 299 ఏ హాజరుపట్టీకీ ఎక్కవు. పొద్దున పది నిమిషాలు ఆలస్యమైతే మాత్రం ఎక్కుతాయి.

నేను కొలతల్ని కాదనను. ఏది కొలవాలో తేల్చేచోట మనమూ కూర్చోవాలంటాను.