మనోవర్తి నుంచి సంపూర్ణ హక్కు దాకా: తులసమ్మ వ్యాజ్యం, స్త్రీల ఆర్థిక భద్రత

స్త్రీల ఆర్థిక భద్రతపై చర్చ ఎక్కువగా పొదుపు, బీమా, బంగారం చుట్టూ తిరుగుతుంది. అంతకన్నా ముందు తేలవలసిన విషయం, ఆమె అధీనంలో ఉన్న ఆస్తిని అవసరానికి అమ్ముకొనే అధికారం ఆమెకు ఉందా అన్నది. నెల్లూరు మున్సిఫ్ కోర్టులో మొదలై సుప్రీంకోర్టు దాకా వెళ్లిన వడ్డెబోయిన తులసమ్మ వ్యాజ్యాన్ని ఈ కోణంలో పరిశీలించడమే ఈ వ్యాస లక్ష్యం.

తులసమ్మ భర్త 1931లో ఉమ్మడి కుటుంబంలో ఉండగానే మరణించాడు. నాటి హిందూ న్యాయం ప్రకారం ఆమెకు దక్కేది వాటా కాదు, మనోవర్తి. దానికోసం 1944లో ఆమె భర్త సవతి సోదరుడు శేషారెడ్డిపై కోర్టుకెక్కింది. 1949లో రాజీ కుదిరింది. కొన్ని ఆస్తులు ఆమెకిచ్చారు గానీ, జీవితాంతం అనుభవించడానికి మాత్రమే అని షరతు పెట్టారు. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చాక, ఆమె కొంత ఆస్తిని కౌలుకిచ్చి, కొంత అమ్మింది. ఆ కౌలు, అమ్మకం ఆమె జీవితకాలం తర్వాత చెల్లవంటూ 1961లో శేషారెడ్డి దావా వేశాడు.

వివాదమంతా ఆ చట్టంలోని 14వ సెక్షన్ మీదే నడిచింది. మొదటి ఉపవిభాగం స్త్రీ అధీనంలోని ఆస్తికి ఆమెను సంపూర్ణ యజమానిని చేస్తుంది. దానం, వీలునామా, డిక్రీ వంటివి పరిమిత హక్కే ఇస్తే ఆ పరిమితి నిలుస్తుందని రెండోది చెబుతుంది. రెండోదాన్ని ఆధారం చేసుకొని హైకోర్టు శేషారెడ్డి పక్షాన తీర్పిచ్చింది. 1977 మార్చి 17న సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చింది. మనోవర్తి ఎవరి దయాధర్మమూ కాదని, అంతకుముందే ఉన్న హక్కని చెప్పింది. రాజీపత్రం ఆ హక్కును గుర్తించిందే తప్ప కొత్తగా ఇవ్వలేదు కాబట్టి తులసమ్మ సంపూర్ణ యజమాని అయింది.

అనుభవ హక్కుకూ సంపూర్ణ హక్కుకూ ఉన్న తేడా కేవలం న్యాయశాస్త్రానికి సంబంధించింది కాదు. అనుభవ హక్కుతో ఏటా పంటో అద్దె సొమ్మో చేతికొస్తుంది. పెద్ద జబ్బు చేసినా, పిల్లల చదువుకు ఒక్కసారిగా డబ్బు కావలసి వచ్చినా ఆ భూమి అక్కరకు రాదు. దాన్ని అమ్మే అధికారం గానీ, తన తర్వాత ఎవరికి చెందాలో రాసే అధికారం గానీ ఆమెకు ఉండదు.

తీర్పుకు పరిమితి కూడా ఉంది. ముందునుంచీ హక్కు లేని ఆస్తి వీలునామా ద్వారా షరతుతో వస్తే రెండో ఉపవిభాగమే వర్తిస్తుంది. ఈ రెండు ఉపవిభాగాల మధ్య హద్దుపై ధర్మాసనాలు భిన్నాభిప్రాయాలు వెలిబుచ్చడంతో, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ అంశాన్ని విస్తృత ధర్మాసనానికి నివేదించింది. అదే చట్టానికి 2005లో వచ్చిన సవరణ కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. భార్యకు రాసే పత్రంలోని షరతును మాత్రం అది తొలగించదు.

మనోవర్తి దావా నుంచి తుది తీర్పు దాకా 33 ఏళ్లు పట్టింది. అంతకాలానికి దక్కే హక్కును భద్రత అనలేం. అందుకే భార్యకో తల్లికో ఆస్తి రాసేటప్పుడు దాన విక్రయాది సర్వహక్కులూ ఆమెవేనని స్పష్టంగా రాయించాలి. సంతకానికి ముందే ఆ వాక్యం ఉందో లేదో స్త్రీలు చదివి చూసుకోవాలి.