తిరువయ్యారు ఆరాధనమున స్త్రీకంఠము

గానమునకు స్త్రీపురుషభేదము లేదు; గానసభకు మాత్రము చిరకాలము ఉండెను. త్యాగరాజస్వామి 1847లో తిరువయ్యారున దేహము చాలించెను. పాడుపడిన ఆ సమాధికి, కన్నడసీమలో జన్మించిన దేవదాసి బెంగుళూరు నాగరత్నమ్మ తన సొమ్ము వెచ్చించి ఆలయము కట్టించెను. 1925లో ప్రతిష్ఠ జరిగెను. తెలుగు కీర్తనకర్తకు అరవదేశమున కన్నడ వనిత కట్టించిన గుడి యది! అయినను ఏటేట జరుగు ఆరాధనమున స్త్రీలు పాడరాదని పెద్దకచ్చి, చిన్నకచ్చి యను రెండు వర్గములవారును నిషేధించిరి. ఆమె తలయొగ్గక, 1927లో సమాధివెనుక స్త్రీలచే వేరుగా గానము చేయించెను. 1941 నాటికి వర్గములు కలసెను. స్త్రీలకును వేదిక లభించెను. నేడచ్చట పంచరత్నకీర్తనలను స్త్రీపురుషులు, పలుభాషలవారు కూడి పాడుచున్నారు. మన యిండ్లలో కీర్తనలు నేర్చు బాలికలకు ఈ చరిత్రమును గూడ నేర్పవలదా?