లక్క పలక

మా ఇల్లు లాల్‌దర్వాజా లోపల. ఆదివారం రాత్రి మేడమీది గదిలో ఐదుగురం కూర్చుంటాం. నేలమీద జంపఖానా, మధ్యలో పీట, పీటమీద గళ్ల కాగితం, పాచికలు. మా నాయనమ్మ ఎరిగిన పాచికలు కావివి, ఒక్కోదానికి ఇరవై ముఖాలు. కథ నేను నడుపుతాను, మిగతా నలుగురివి తలా ఒక పాత్ర. ఏం చేయదలచుకున్నారో వాళ్లు చెప్తారు, కుదిరిందో లేదో పాచిక చెప్తుంది. పగలు పత్తర్‌గట్టీలో ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాస్తాను. ఆ అలవాటుకొద్దీ ఈ ఆట కూడా ఎర్ర అట్ట ఖాతా పుస్తకంలోనే ఎక్కిస్తుంటాను.

మొన్నటి వానాకాలంలో వాళ్లను ఒక తిలిస్మ్‌లోకి దింపాను. తిలిస్మ్ అంటే మాంత్రికుడు కట్టిన మాయాలోకం. పాత ఉర్దూ దాస్తాన్లలో దాన్ని ఛేదించే ఉపాయం ఒక పలకమీద రాసి ఉంటుంది, దాని పేరు లౌహ్. ఆ పలక కోసం మూడు వారాలు కూర్చుని మూడు తాళాలు, ఒక పాము, ఒక పొడుపుకథ సిద్ధం చేసుకున్నాను. ఆ నలుగురిలో ఒక కుర్రాడు లాడ్‌బజార్‌లో లక్కగాజులు చేస్తాడు. పలక చేతికి రాగానే అడిగాడు: "అన్నా, ఇది దేనితోటి చేసింది?"

ఆ సంగతి నేను అనుకోనేలేదు. "నువ్వే చెప్పు" అన్నాను.

"లక్క" అన్నాడు వెంటనే. "అయితే కుంపటి ఒకటి కావాలె. వేడి తగిలితే దానిమీది రాత పోతది. మెత్తబడ్డంక మనకేం కావాలో అదే రాసుకుందాం."

నిప్పులమీద లక్కను కరిగించి, తాడులా సాగదీసి, వేడి ఆరకముందే అద్దాలు, రాళ్లు పొదగడం వాడికి రోజూ ఉండే పని. నా మూడు తాళాలూ పామూ ఎందుకూ పనికిరాకుండా పోయాయి. ఆ రాత్రి నాకు కోపంగానే ఉంది, దాచుకోను.

మర్నాడు దుకాణంలో తాను కొలుస్తుంటే హాజీ కిస్సాఖ్వాన్ హమదానీ గుర్తొచ్చాడు. కిస్సాఖ్వాన్ అంటే కథలు చెప్పి బతికేవాడు. ఇరాన్ నుంచి బయలుదేరి 1612లో హైదరాబాద్ చేరాడు. చార్మినార్ లేచి అప్పటికి ఇరవై ఒక్క ఏళ్లు. ఊరు కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా ఆ ఏడాది జనవరిలోనే కన్నుమూశాడు. హాజీ వెంట అమీర్ హమ్జా కథ రాతప్రతులు చాలానే వచ్చాయి. హమ్జా ప్రవక్తకు పినతండ్రి, కానీ కథలోని హమ్జా చరిత్రను ఎప్పుడో దాటిపోయి దేవ్‌లనే రాక్షసులతోనూ పరీలతోనూ తలపడతాడు. కుతుబ్‌షాహీ కొలువు ఆ ప్రతులన్నీ చూసి, కుదించి ఒక్క పుస్తకం చేయమంది. అలా తయారైంది 'జుబ్దతుర్ రుమూజ్', రహస్యాల మీగడ అని దాని అర్థం. మా ఊళ్లో ఈ కథకు మొదట పడింది కత్తెర అన్నమాట. బట్టల కొట్టువాడిని కదా, నాకది భలే నచ్చుతుంది.

కత్తిరించినా కథ ఊరుకోలేదు. లక్నోలో నవల్‌కిషోర్ ప్రెస్ దాన్ని ఉర్దూలో అచ్చువేసేనాటికి 46 సంపుటాలైంది. అందులో 'తిలిస్మే హోష్‌రుబా' భాగమొక్కటే దాదాపు 8,000 పేజీలు, 1883 నుంచి 1893 దాకా వస్తూనే ఉంది. ఆ హోష్‌రుబా ఫారసీ మూలంలో లేదు, పుట్టింది ఇక్కడ, హిందుస్థానంలో. దాస్తాన్‌కు నాలుగు దినుసులని చెప్తారు: రజ్మ్ అంటే యుద్ధం, బజ్మ్ అంటే విందు కొలువు, తిలిస్మ్, అయ్యారీ అంటే మారువేషాల టక్కరితనం. మన దేశంలో మొదటి రెండూ చిక్కిపోయి చివరి రెండూ బలిశాయి. ఇక్కడి శ్రోతలకు రుచించింది అవే మరి. కజ్విన్ నుంచి మన దేశానికి వచ్చిన ఫఖ్రుజ్జమానీ 17వ శతాబ్దంలో కథకుల కోసమే ఒక పుస్తకం కూర్చాడు. ఇరాన్ వాళ్లకు చెప్పే తీరు వేరు, తూరాన్ అంటే మధ్య ఆసియా వాళ్లకు వేరు, హింద్‌లో వేరు అని అందులో విడదీశాడు. అంటే కథకుడి కళ్లు ఎప్పుడూ ఎదుటివాళ్ల మొహాలమీదే. ఎక్కడ కునుకుతున్నారో అక్కడ యుద్ధం ముగించేయాలి, ఎక్కడ ముందుకు వంగారో అక్కడ ఇంకో తలుపు తెరవాలి. హమ్జా నేస్తం, టక్కరి అమర్ అయ్యార్ భుజాన ఉండే జంబీల్ సంచిలో ఊళ్లకు ఊళ్లే పడతాయి. వినేవాళ్లు చాలనలేదు కాబట్టే ఆ సంచీ నిండలేదు.

మా నాయనమ్మకు దాస్తాన్ అన్న మాటే తెలీదు. ఆమె చెప్పింది బాలనాగమ్మ కథ. ఊ కొట్టకపోతే ఆపేసేది. మాయల ఫకీరు ప్రాణమున్న చిలక ఏం తింటుందని ఒకసారి అడిగాను. "నువ్వేం పెడతావురా?" అంది. రేగుపండ్లన్నాను. ఆ రాత్రి నుంచి ఆ చిలక రేగుపండ్లే తినేది. ఎన్నేళ్లయినా మార్చలేదు.

ఇరవై ముఖాల పాచికల ఆట పుట్టిన చోటు మాత్రం మనకు చాలా దూరం. అమెరికాలో మినియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాలు. అక్కడ 1969లో డేవిడ్ వెస్లీ అనే కుర్రాడు బ్రౌన్‌స్టైన్ అనే ఊహా పట్టణంమీద ఒక యుద్ధక్రీడ సిద్ధం చేశాడు. సైన్యాలు రాకముందే ఆటగాళ్లు ఎవరి దారిన వాళ్లు పోయి మంతనాలు, తగాదాలు మొదలెట్టారు. ఆట చెడిందని అతను బాధపడితే, ఆడినవాళ్లు మళ్లీ ఎప్పుడని వెంటపడ్డారు. వాళ్లలో డేవ్ ఆర్నెసన్ ఒకడు. అతనూ గ్యారీ గైగాక్స్ కలిసి 1974లో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' తెచ్చారు.

మరుసటి ఏడాదే, ఆ ఆటను అచ్చువేసిన కంపెనీయే 'ఎంపైర్ ఆఫ్ ది పెటల్ థ్రోన్' వేసింది. రాసినాయన ఎం.ఎ.ఆర్. బార్కర్, మినెసోటా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు. కుర్రతనంలో మన దేశానికి వచ్చి ఇస్లాం స్వీకరించాడు, ఇంగ్లిషువాళ్లకు ఉర్దూ నేర్పే పెద్ద పాఠ్యపుస్తకం రాశాడు. ఉర్దూ అంత చదివినవాడికి తిలిస్మ్ అంటే తెలియకుండా ఉంటుందా అని నాకో అనుమానం, రుజువేమీ లేదు. టెకుమెల్ అనే తన లోకానికి భాషలు, లిపులు కూడా అల్లాడు. అంత అల్లినవాడు కూడా బల్లదగ్గర ఆటగాళ్లను చెయ్యి పెట్టనిచ్చాడు. ఆర్నెసనూ అక్కడ ఆడాడు, హర్చార్ అనే ఓడ కెప్టెన్‌గా. బార్కర్ మారుపేరుతో నాజీల తరఫున ఒక నవల రాశాడని ఆయన పోయాక బయటపడింది. అప్పటినుంచి ఆయనమీద నాకున్న మోజు పోయింది. ఆ బల్లచుట్టూ కూర్చున్నవాళ్లమీద మాత్రం పోలేదు.

సరే, మా పీట దగ్గరికి వస్తాను. లక్క పలకను ఖాతా పుస్తకంలో ఎక్కించాను, జమ వైపు. దానిమీద నలుగురూ కలిసి రాసిందేమిటంటే, తిలిస్మ్ నుంచి బయటికి దారి పురానాపూల్ కింద ఉంటుందని. మూసీమీద 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించిన ఆ వంతెనకు 22 కమానులు. గాజుల కుర్రాడు ఇరవై మూడోది ఉందన్నాడు. లేదన్నాను. ఉందన్నాడు. పాచిక వేస్తే పంతొమ్మిది పడింది, వాడి మాటే నెగ్గింది.

నాకు మనసొప్పక మరో ఆదివారం పొద్దున్నే వెళ్లాను. వంతెనమీద కూరగాయల వాళ్ల సందడి, కింద నల్లటి నీళ్లు. ఒడ్డున నిలబడి వేళ్లు మడిచి లెక్కపెట్టాను. ఇరవై రెండే. ఆ రాత్రి పీట చుట్టూ కూర్చున్నాక ఆ ముక్క గట్టిగానే చెప్పాను.

కుర్రాడు పాచిక చేతిలోకి తీసుకున్నాడు. "పగలు పోయినవ్ కదన్నా" అన్నాడు.