జానకీబాయి పేరూ, జనం చెమటా

నిజామాబాదు నుంచి బోధను పోయే రైలుమార్గం జానకంపేట వద్ద చీలుతుంది. ఆ ఊరి పేరు సిర్నాపల్లి సంస్థానపు రాణి జానకీబాయిదని జిల్లాలో ప్రతీతి. 1901 నాటికి హైదరాబాదు నుంచి మన్మాడు దాకా పూర్తయిన రైలుదారిని తన సంస్థానం మీదుగా మళ్ళించినది ఆమెయేనని పెద్దలు చెప్పుకుంటారు. సిర్నాపల్లి అడవిలోని జలపాతాన్ని కూడా ఆమె పేరుతోనే పిలుస్తారు. చెరువులు, బాటలు, పేటలు - యే మంచి జరిగినా అది రాణిగారి చలువే!

పందొమ్మిదో శతాబ్దపు నిజాం రాజ్యంలో వొక స్త్రీ సంస్థానాన్ని యేలడం సామాన్య విషయం కాదు. స్త్రీని గడప దాటనివ్వని సంఘంలో ఆమె పేరు నేటికీ నిలిచిందంటే అందులో ఆమె సమర్థత వున్నదని వొప్పుకోవాలి. ఫ్యూడల్ పాలకురాలు గనుక ఆమెకు చరిత్రలో చోటు లేదనడం తొందరపాటు. అది చరిత్ర దృష్టి కానేరదు.

అయితే చరిత్ర అంతటితో ఆగుతుందా? చెరువుకట్టకు తట్టలు మోసినవారెవరు? గడీకి రాళ్ళెత్తినవారెవరు? 1865లో సాలార్‌జంగ్ జిల్లాబందీ యేర్పాటుచేసి దేశ్‌ముఖుల పన్ను వసూలు అధికారాన్ని తీసివేశాడు. కాని వారి భూములూ, రుసుములూ, పలుకుబడీ అలాగే మిగిలాయి. తెలంగాణా గ్రామంలో గడీ ముందు వెట్టి కొనసాగింది. రాణి దయ గురించిన కథలు మనకు దక్కాయి. వెట్టివాని పేరు మాత్రం యే స్టేషను బోర్డుమీదా లేదు.

కళ సంగతీ యింతే. హైదరాబాదు ఆస్థానంలో కవయిత్రిగా, గాయనిగా, నర్తకిగా వెలిగిన మహలఖా బాయి చందా (1768-1824) రాకుమారి కాదు. కళ ఆమెను రాచకొలువుకు చేర్చింది. ఉర్దూలో దివాన్ కూర్చిన తొలి స్త్రీలలో ఆమె వొకరు. ఆ దివాన్ ప్రతిని 1799లో ఆంగ్లేయుడు మాల్కంకు కానుకగా యిచ్చింది. నిజాం ఆమెకు జాగీర్లిచ్చాడు. ఆ గజళ్ళ సౌందర్యం నిజం; ఆ జాగీర్ల ఆదాయం రైతు కష్టమన్నదీ నిజమే. ఈ రెండు నిజాలలో దేనినీ మరొకదానితో కప్పిపెట్టరాదు. ఆమె జాగీరులోని అడిక్‌మెట్ భూములలోనే తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలిసింది. జాగీరు పోయి విద్యాలయం వచ్చిన చోట వారసత్వం జనానిదయింది.

బోధను మనకు దీని రెండో ముఖాన్ని చూపుతుంది. 1923-31 మధ్య మంజీరపై నిజాంసాగర్ కట్టారు. ఆ నీటితో చెరకు పండింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపించారు. దాని చుట్టూ శక్కర్‌నగర్ పెరిగింది. 1949లో జాగీర్దారీ రద్దయింది. ఫ్యాక్టరీ ప్రభుత్వరంగంలో నడిచి, వేలాది కుటుంబాలకు కూడు పెట్టింది. 2002లో అందులో అధిక వాటాను ప్రైవేటు వారికి అప్పగించారు. 2015 డిసెంబరులో అది మూతపడింది. నిజాం పేరూ, శక్కర పేరూ మిగిలాయి. చెరకు రైతుకు గిట్టుబాటూ, కార్మికునికి జీతమూ మిగలలేదు.

కనుక పేరు నిలవడమే వారసత్వం కాదు. రాణి తవ్వించినా, నిజాం కట్టించినా, దానిపై జనానికి హక్కు వున్నంతవరకే అది సజీవం. హక్కు పోతే మిగిలేది బోర్డుమీది అక్షరాలే.

మన విద్యార్థులూ, ఉపాధ్యాయులూ సిర్నాపల్లి నుంచి బోధను దాకా వూరూరా తిరిగి ముసలివారి నోట వున్న కథలను వ్రాసుకోవాలి. రాణిని గురించి అడగండి, తప్పులేదు. ఆ వెంటనే, చెరువు తవ్విన కూలీల వాడ యేదో, వారి మనుమలు యిప్పుడెక్కడ పనిచేస్తున్నారో కూడా అడగండి. జానకీబాయి చరిత్ర అప్పుడే పూర్తవుతుంది.