రెండు సీమలు – రెండు ఈగలు

ఈగ అన్నంతనే మనకు స్ఫురించేది వంటయింటి ఈగ. ఆఫ్రికా ఖండపు సెట్సీ ఈగ అట్టిది కాదు. నెత్తురు త్రాగి బ్రతుకుతుంది. ఆడుది గ్రుడ్లు పెట్టదు. పర్యాయానికి ఒక్క పురుగును మాత్రమే కడుపులో పెంచి, కని, నేలకు వదలుతుంది. ఇంత స్వల్ప సంతానం గల ప్రాణి ఒక ఖండపు చరిత్రను మలచినదంటే వింతగానే తోస్తుంది.

వీటిలో పెక్కు జాతులున్నవి. పాల్పాలిస్ అనేది తేమ నేలల ఈగ. ఏటి గట్లను, సరస్సుల ఒడ్డున చెట్ల నీడను వదలి దూరం పోదు. మొసలి నెత్తురైనా, మనిషి నెత్తురైనా దానికి సమ్మతమే. మోర్సిటాన్స్ మెట్ట అడవుల ఈగ. ఎండకు కొంత ఓర్చుకొని, అడవిపంది, అడవిదున్న వంటి మృగాలను ఆశ్రయిస్తుంది.

పశువులను చంపే నగానా జాడ్యానికి ట్రిపనోసోమా అనే సూక్ష్మజీవి మూలమని, దానిని మోసేది సెట్సీ ఈగయని డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు 1895 ప్రాంతంలో జూలూల దేశంలో కనుగొన్నాడు. కొద్ది సంవత్సరాలకే విక్టోరియా సరస్సు ఉత్తర తీరంలో అతినిద్రా వ్యాధి చెలరేగినది. 1903లో బ్రూస్ అక్కడికి వెళ్లి, ఈ వ్యాధిని ఒడ్డునుండే ఈగ వ్యాపింపజేస్తున్నదని నిరూపించినాడు. దానిని ఆనాడు పాల్పాలిస్ అన్నారు. నేటివారు దాని సమీప బంధువైన ఫ్యుస్సిపెస్‌గా వేరుపరచినారు. 1920 నాటికి ఉగాండాలో రెండు లక్షలమందికి పైగా మరణించినారు. గవర్నరు హెస్కెత్ బెల్ 1906 నుండి తీరవాసులను లోపలి ప్రాంతాలకు తరలించినాడు. ఈగ నీటిని విడువదు కనుక మనిషే విడువవలెనని ఆయన తర్కం. తర్కం సరియైనదే, కాని చేపలవేటతో బ్రతికిన కుటుంబాలు చెల్లించిన మూల్యం ఆ తర్కంలో ఎక్కడా లెక్కకు రాలేదు.

మెట్ట ఈగ విషయంలో ఈ ఉపాయం సాగదు. దానికి ఒడ్డు లేదు, ఎల్లలు లేవు. అదీ రోగవాహకమేనని, మనుషులకు మరింత తీవ్రమైన అతినిద్రను తెస్తుందని 1912లో కింగ్‌హార్న్, యార్క్ అనువారు రొడీషియాలో నిర్ధారించినారు. అంతకు మునుపే, 1896లో పశువుల మహామారి జాంబెజీ నది దాటి దక్షిణానికి వచ్చి మృగాలను తుడిచిపెట్టగా, చాలచోట్ల ఈ ఈగ కూడ మాయమైనది. ఈ అనుభవం ఆధారంగానే దక్షిణ రొడీషియా ప్రభుత్వం 1919 నుండి దశాబ్దాలపాటు మృగాలను లక్షల సంఖ్యలో కాల్పించినది.

ప్రిన్సిపె దీవి కథ వేరు. అక్కడిది తేమ ఈగ, చుట్టూ సముద్రం. నల్లరంగుకు ఈగ ఆకర్షింపబడుతుందని గ్రహించి, తోటకూలీల వీపులకు జిగురు పూసిన నల్లగుడ్డలు కట్టించినారు. పొదలు కొట్టించి, పందులను చంపించినారు. 1911లో ఆరంభించి 1914 నాటికి ఈగను రూపుమాపినారు. 1956లో అది మరల కనబడగా, 1958 నాటికి తిరిగి నిర్మూలించినారు.