బియ్యం బేరం నుంచి బిట్‌కాయిన్ జోన్ దాకా

పలాసలోనో టెక్కలిలోనో కూర్చుని, ఫోన్‌లో బిట్‌కాయిన్ చార్ట్ మీద గీత గీసి "ఇదే ఎంట్రీ జోన్" అనుకునేవాళ్ల కోసం ఈ ఎపిసోడ్. అసలు ఆ చార్ట్ ఎక్కడి నుంచి వచ్చింది?

జపాన్‌లోని ఒసాకా నుంచి. అక్కడి దోజిమా బియ్యం మార్కెట్‌ని 1730లో షోగన్ ప్రభుత్వం అధికారికంగా గుర్తించింది. గోదాముల్లోని బియ్యానికి రసీదులుండేవి, బేరాలు వాటి మీద నడిచేవి. సకాటా ఊరి వ్యాపారి హొమ్మా మునెహిసా ధరతో పాటు జనం భయాన్నీ ఆశనీ కూడా లెక్కలోకి తీసుకున్నాడని పేరు. కాండిల్ చార్ట్ ఆయనదే అంటారు గానీ, ఆ రూపం స్థిరపడింది చాలా తర్వాత. 1991లో స్టీవ్ నిసన్ ఇంగ్లిష్‌లో పుస్తకం రాశాక అమెరికా ట్రేడర్లకి బాగా తెలిసింది. ఇప్పుడు మన జేబులో ఉంది.

మరి జోన్ అంటే ఏంటి? మన జీడిపిక్కలతో చెప్తాను. 80 కిలోల బస్తా ఒక రేటుకి దిగి మళ్లీ లేచిందనుకోండి. ఆ రేటు రైతుకీ, వ్యాపారికీ గుర్తుండిపోతుంది. మళ్లీ అక్కడికి దిగితే "కిందటిసారి ఇక్కడే లేచింది కదా" అని కొంటారు. సపోర్ట్ జోన్ అంటే ఆ జ్ఞాపకమే. కానీ 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను ఉద్దానంలో జీడితోటల్ని, కొబ్బరిచెట్లని కూల్చేసింది. పాత రేట్లలో ఆ గాలి జాడ ఎక్కడుంది?

బిట్‌కాయిన్‌లోనూ అంతే. 2021 మే నుంచి జూలై దాకా 30 వేల డాలర్ల దగ్గరికి పడినప్పుడల్లా లేచింది. నవంబర్‌లో 69 వేల దాకా వెళ్లింది. 2022 మేలో టెర్రా లూనా కూలాక ధర మళ్లీ ఆ 30 వేల దగ్గరే కొన్ని వారాలు ఆగింది. పాత జోన్ కదా అని కొన్నవాళ్లు జూన్‌లో 20 వేల కింద రేటు చూశారు. నవంబర్‌లో ఎఫ్‌టీఎక్స్ దివాలా తీశాక 16 వేల కిందకి కూడా వెళ్లింది.

ఇంకోటి. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను. ఒకదాంట్లో 10 వేలు లాభం, ఇంకోదాంట్లో 10 వేలు నష్టం వస్తే మిగిలింది సున్నా. పన్ను మాత్రం 3 వేలు, పైన సెస్సు. ఎందుకంటే ఆ నష్టాన్ని లాభంలోంచి తీసెయ్యనివ్వరు.

అందుకే జోన్ గీసేటప్పుడే, అది తప్పితే ఎక్కడ బయటికి రావాలో కూడా గీసుకోండి. ఇంటి నుంచి వలసపోయినవాళ్లు పంపిన డబ్బు మాత్రం అందులో పెట్టకండి. ఉంటాను.