తెలంగాణ పల్లెల్లో ధాన్య నిధి: గాదె నుంచి సంఘం దాకా

ఆహార భద్రత అంటే తగినంత ధాన్యం పండటం మాత్రమే కాదు. పండిన గింజ ఎవరి అధీనంలో ఉంది, కరువు నెలల్లో ఎవరికి, ఏ ధరకు అందుతుంది అన్నవి అసలు ప్రశ్నలు. తెలంగాణ చరిత్ర ఇందుకు మంచి ఉదాహరణ.

నిజాం పాలనలో మెట్ట పల్లెల ముఖ్య ఆహారం జొన్న. దానిని పాతరల్లో, గుమ్ముల్లో నిల్వ చేసేవారు. అయితే పెద్ద నిల్వలు దొరల, షావుకార్ల చేతుల్లో ఉండేవి. వానాకాలంలో గింజలు నిండుకున్న పేద రైతు 'నాగు'కు ధాన్యం తెచ్చుకుని, పంట రాగానే ఒకటికి ఒకటిన్నర కొలిచేవాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో లెవీ గల్లా దీనికి తోడైంది. అందుకే 1946-51 నాటి రైతాంగ పోరాటంలో భూమితోపాటు ధాన్యం కూడా ప్రధానాంశమైంది.

1983లో మొదలైన కిలో రెండు రూపాయల బియ్యం పథకం పేదల ఆకలిని తగ్గించింది. కాని చౌకధర దుకాణం ఇచ్చింది బియ్యమే. మెట్ట రైతు పండించే జొన్న, కొర్ర, సజ్జలకు అక్కడ చోటు దక్కలేదు. ఆ సేద్యం గిట్టక చాలా భూములు పడావు పడ్డాయి. దీనికి పథకం ఒక్కటే కారణం కాదు.

1990ల నడుమ జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళా సంఘాలు మరో దారి చూపాయి. సభ్యుల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు. పడావు భూములున్న రైతులకు దుక్కికి, ఎరువుకు, విత్తనానికి అప్పు ఇచ్చి, దానిని జొన్నల రూపంలో వాయిదాలుగా తీసుకున్నారు. ఆ ధాన్యాన్ని ఊళ్లోనే నిల్వ చేశారు. నేలమీద ఊరి పటం గీసి, నిరుపేద ఇళ్లను గ్రామస్థులే గుర్తించారు. కరువు నెలల్లో వారికి తక్కువ ధరకు అమ్మి, వచ్చిన సొమ్మును మళ్లీ నిధిలో వేశారు. తొలి పెట్టుబడికి ప్రభుత్వ సాయం అవసరమైంది. నిర్వహణ మాత్రం సంఘానిదే. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం ముతక ధాన్యాలకూ చోటిచ్చింది.

చేవెళ్ల, మొయినాబాద్ పల్లెల కూరగాయలు, పూలు నేడు నగరానికి వెళ్తాయి. తినే బియ్యం బయటినుంచి వస్తుంది. ఆదాయం ఉన్నా, గింజమీద ఊరికి అధికారం ఉందా? ఎంకపల్లి వంటి గ్రామాల అభ్యాసకులు పెద్దలను అడిగి పాతరల ఆనవాళ్లను నమోదు చేయవచ్చు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: నాగు పద్ధతికీ, సంఘం ధాన్య నిధికీ గల ముఖ్య భేదం ఏమిటి?